దిగుడు లెక్క... ఎక్కుడు లెక్క!

ఎలక్ట్రిక్ కారు ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం వెళ్తుంది? కంపెనీ కాగితం మీద ఉండే అంకె ఒకటి. కారు తెర మీద కనిపించేది ఇంకొకటి. హైవే చెప్పేది మూడోది. ఆ మూడో అంకె కోసం హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా వెళ్లొచ్చాం.

పెట్రోలు కారు కొన్నవాళ్లని 'మైలేజీ ఎంతిస్తోంది?' అని అడుగుతాం. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లని 'ఎంతదూరం వెళ్తుంది?' అంటాం. రెండూ ఒకేలాంటి ప్రశ్నలే అనిపిస్తాయిగానీ మొదటిది డబ్బు గురించి, రెండోది భయం గురించి. పెట్రోలు అయిపోతే సీసా పట్టుకుని దారినపోయే బండెక్కి బంకుకెళ్లి తెచ్చుకోవచ్చు. కరెంటుని సీసాలో తెచ్చుకోలేం కదా!

ఈ భయం ఊళ్లో తిరిగేవాళ్లకి ఉండదు. పొద్దున ఆఫీసుకెళ్లి సాయంత్రం ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టుకుంటే సరిపోతుంది. సమస్యల్లా ఉద్యోగం ఒక ఊళ్లో, అమ్మానాన్నలు ఇంకో ఊళ్లో ఉన్నవాళ్లకే. మా బావగారు సరిగ్గా అలాంటి మనిషి. ఉండేది వనస్థలిపురంలో. ఆయన తల్లి విజయవాడ సత్యనారాయణపురంలో ఒంటరిగా ఉంటారు. డెబ్భై ఎనిమిదేళ్లు. 'మీ ఊళ్లో నాకు పొద్దుపోదురా' అంటారేగానీ ఇల్లు వదిలి రారు. నెలకి రెండుసార్లయినా బావగారు వెళ్లి రావాల్సిందే.

ఎనిమిది నెలల కిందట ఆయన ఎలక్ట్రిక్ కారు కొన్నారు. ఊళ్లో దానంత సుఖం లేదంటారు. విజయవాడకి మాత్రం పాత పెట్రోలు కారులోనో రైల్లోనో వెళ్తున్నారు. మా అక్క అడిగిన ఒక్క ప్రశ్నే అందుకు కారణం. 'ఏవండీ, అర్ధరాత్రి ఫోనొస్తే ఈ కారుని నమ్ముకుని బయల్దేరగలమా?' దానికి 'ఏమో' అన్నది జవాబు కాదు. అందుకే ఆషాఢంలో ఒక శనివారం బావగారు, అక్క, మా ఫొటోగ్రాఫరు, నేను... నలుగురం సామానుతో సహా బయల్దేరాం.

కాగితం మీద అంకె

ముందు కంపెనీ అంకె సంగతి చూద్దాం. అది అబద్ధమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక పరీక్షలో వచ్చిన మార్కు. మనదేశంలో ఆ పరీక్ష గదిలో, రోలర్ల మీద జరుగుతుంది. కారు కదలదు, చక్రాలే తిరుగుతాయి. దాదాపు ఇరవై నిమిషాల పాటు ఎక్కుతూ, దిగుతూ, ఆగుతూ ఒక నిర్ణీత వరసలో వేగం మారుతుంది. మొదటి భాగం ఊళ్లో నడకలాంటిది, రెండోది ఊరి బయట నడకలాంటిది. ఆ రెండో భాగంలో కూడా వేగం గంటకి 90 కిలోమీటర్లు దాటదు. మొత్తం మీద సగటు తీస్తే గంటకి ముప్ఫై కిలోమీటర్ల చిల్లరే. ఏసీ వెయ్యరు. ఎండ ఉండదు, ఎదురుగాలి ఉండదు, చౌటుప్పల్ చెరువుకట్ట ఉండదు!

ఈ మార్కుకీ రోడ్డుకీ మధ్య తేడా ఒకసారి కోర్టు దాకా వెళ్లింది. 312 కిలోమీటర్ల రేంజ్ ఉందన్న టాటా నెక్సాన్ ఈవీ అంత దూరం రావడంలేదని కొన్నవారు ఫిర్యాదు చేస్తే, 2021 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వం ఆ కారుకి సబ్సిడీ నిలిపేసింది. కొద్దిరోజులకే హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. పరీక్షలో వచ్చిన అంకె పరీక్షదే, రోడ్డు మీద వచ్చేది రోడ్డుదే అన్న సంగతి అప్పుడే చాలామందికి తెలిసింది. 2024 ఆగస్టులో కర్వ్ ఈవీని తెచ్చినప్పుడు టాటా కంపెనీయే రెండు అంకెలు చెప్పింది. 55 యూనిట్ల బ్యాటరీ ఉన్న రకానికి పరీక్షలో 585 కిలోమీటర్లు, వాడకంలో 400 నుంచి 425. అంటే తయారుచేసినవాళ్ల లెక్కలోనే పావు వంతుకి పైనే పోయిందన్నమాట. అదైనా ఊరూ హైవే కలిపిన లెక్క. ఒట్టి హైవేదైతే మళ్లీ వేరు.

ఐదు లీటర్ల బండి

ఈ కార్ల గురించి మాట్లాడేటప్పుడు కిలోవాట్ అవర్ అన్నమాట వినిపిస్తుంది. కంగారుపడక్కర్లేదు. మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్ అదే. బావగారి కారు బ్యాటరీలో 45 యూనిట్లు పడతాయి.

45 యూనిట్లంటే ఎంత? ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తి దాదాపు తొమ్మిది యూనిట్లు. అంటే నిండా ఛార్జి చేసిన ఆ కారు మోసుకెళ్లేది ఐదు లీటర్ల పెట్రోలుతో సమానం. అంతే! మన మామూలు కారు ట్యాంకులో నలభై లీటర్లు పడతాయి. కాకపోతే పెట్రోలు ఇంజిను అందులో మూడొంతుల దాకా వేడిగా, పొగగా వదిలేస్తుంది. కరెంటు మోటారు తన కిచ్చినదాంట్లో ఎనభై తొంభై శాతం చక్రాలకి అందిస్తుంది. అందుకే ఐదు లీటర్ల సరుకుతో విజయవాడ ప్రయాణం గురించి ఆలోచించగలుగుతున్నాం.

కొంచెం సరుకుతో ఎక్కువ దూరం వెళ్లేవాడికి ప్రతి ఖర్చూ తెలుస్తుంది. పెట్రోలు కారుకీ ఎదురుగాలి తగులుతుంది, అదీ ఎత్తు ఎక్కుతుంది. కానీ వృథా అయ్యేదాంట్లో అవి కలిసిపోతాయి, మనకి కనబడవు. ఎలక్ట్రిక్ కారులో అలా కాదు. గాలి మారినా, రోడ్డు వాలినా, కాలు కొంచెం ఎక్కువ నొక్కినా తెర మీద అంకె మారిపోతుంది.

ఇంకో తమాషా. పెట్రోలు కారుకి ఊళ్లో మైలేజీ తక్కువ, హైవే మీద ఎక్కువ. ఎలక్ట్రిక్ కారుకి తిరగబడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మోటారు ఏమీ తినదు. బ్రేకు వేసినప్పుడల్లా మోటారే డైనమోలా తిరిగి కొంత కరెంటుని వెనక్కి పంపుతుంది. హైవే మీద బ్రేకులెక్కడ వేస్తాం? అక్కడ కారు చేసే పనల్లా గాలిని చీల్చుకుంటూ పోవడమే. ఆ గాలి అడ్డు వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది నాలుగో వంతే. గాలి అడ్డు మాత్రం యాభై ఆరు శాతం పెరుగుతుంది.

దిగుతున్నామని తెలియదు

పొద్దున్నే అయిదున్నరకి బయల్దేరేటప్పుడు తెర మీద 100 శాతం ఉంది. టైర్లలో గాలి ముందురోజే చూపించారు. హయత్‌నగర్ దాటి పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగురోడ్డు కిందనుంచి బయటపడ్డాక అసలు రోడ్డు మొదలైంది. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 65. పుణె నుంచి మొదలై షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరుతుంది.

బావగారు క్రూయిజ్ కంట్రోల్‌లో 80 పెట్టి కాలు తీసేశారు. చౌటుప్పల్, పంతంగి టోల్‌గేట్, తర్వాత చిట్యాల, నార్కట్‌పల్లి. రెండు వైపులా ఎర్రనేలల్లో అప్పుడే మొలిచిన పత్తి. నేరేడు పళ్ల బుట్టలు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఆడవాళ్లు. లారీలు కూడా మమ్మల్ని దాటిపోతుంటే అక్క నవ్వింది. 'ఎద్దుల బండి ఎక్కామేంట్రా తమ్ముడూ?'

అయితే తెర మీద మాత్రం ఆశ్చర్యంగా ఉంది. ఒక యూనిట్‌కి ఎనిమిది కిలోమీటర్లు పైనే వస్తోంది. చదునైన రోడ్డు మీద ఆ వేగానికి ఆరున్నర, ఏడు రావాలి. ఎక్కువ ఎందుకొస్తోంది?

భూగోళం పుస్తకంలో ఉంది జవాబు. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున, ఇరవై మీటర్ల లోపు ఎత్తులో ఉంది. అంటే ఈ ప్రయాణమంతా దాదాపు అర కిలోమీటరు కిందికి దిగడమే. కిలోమీటరుకి రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. ఆ దిగుడులో ఎక్కువ భాగం సూర్యాపేట లోపే అయిపోతుంది. ఏళ్ల తరబడి ఈ దారిలో తిరిగిన బావగారికి కూడా ఆ సంగతి ఇప్పుడే అనుభవంలోకి వచ్చింది. 'పాతిక సంవత్సరాల్నుంచి వెళ్తున్నాను. ఈ రోడ్డు వాలుగా ఉందని ఎప్పుడూ అనుకోలేదు బావమరిదీ' అన్నారు.

ఆషాఢం గాలి కూడా కలిసొచ్చింది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. మేం వెళ్తున్నది తూర్పుకే. అంటే వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టే.

కొర్లపహాడ్ టోల్‌గేట్, మూసీ వంతెన దాటి సూర్యాపేట చేరేసరికి 122 కిలోమీటర్లు. అయినవి 15 యూనిట్లు. ఇంకా 67 శాతం మిగిలింది.

వందలో ఏం పోయింది?

సూర్యాపేటలో ఇడ్లీలు తిని, టీ తాగి మళ్లీ ఎక్కాం. నాలుగు వరసల జాతీయ రహదారుల మీద కార్లకి గంటకి వంద దాకా వెళ్లొచ్చని కేంద్రం 2018లో చెప్పింది. కోదాడ దాకా 45 కిలోమీటర్లు వంద మీద వెళ్లి చూద్దామనుకున్నాం. ఎడమ కాలువ కింద వరి నాట్లకి దమ్ము చేస్తున్న పొలాలు వెనక్కి పరుగెత్తాయి. అక్క ముఖంలోనూ కళ వచ్చింది. కారు మాత్రం సంతోషించలేదు. ఏడు యూనిట్లు తాగింది. అంటే యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు కూడా రాలేదు. వెనక గాలి తోస్తుండగా కూడా!

80లో వెళ్తే ఆ ముక్కకి ముప్ఫై నాలుగు నిమిషాలు పట్టేది. వందలో ఇరవై ఏడు. ఆదా అయింది ఏడు నిమిషాలు. అందుకు మేం చెల్లించింది ఒకటిన్నర యూనిట్. అంటే దాదాపు పది కిలోమీటర్ల దారి. ఇంట్లో అయితే ఒకటిన్నర యూనిట్‌కి విలువేముంది? దారిలో దాని విలువ వేరు. తర్వాతి ఛార్జరు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ పది కిలోమీటర్లే ప్రాణం.

మమ్మల్ని దాటుకుంటూ ఒక ఏసీ బస్సు చప్పుడు లేకుండా వెళ్లింది. ఈ దారిలో ఎలక్ట్రిక్ బస్సులు కొత్త కాదు. 2023 మే నెలలో తెలంగాణ ఆర్టీసీ 'ఈ-గరుడ' పేరుతో హైదరాబాద్-విజయవాడ మధ్య పది బస్సులతో మొదలుపెట్టింది. ఒక్క ఛార్జింగ్‌తో 325 కిలోమీటర్లు వెళ్తాయని అప్పట్లో చెప్పారు. ఈ రోడ్డు పొడవు 275 కిలోమీటర్ల చిల్లర. అంటే అవసరమైన దానికంటే యాభై కిలోమీటర్లు మిగులు పెట్టుకున్నారన్నమాట. మిగులు లేకుండా హైవే ఎక్కకూడదన్న సూత్రం బస్సుకీ కారుకీ ఒకటే.

కోదాడ దాటాక మళ్లీ 80కి దిగాం. పాలేరు వంతెన దగ్గర తెలంగాణ అయిపోయి ఆంధ్రప్రదేశ్ మొదలైంది. చిల్లకల్లు టోల్‌గేటు, జగ్గయ్యపేట సిమెంటు లారీలు, నందిగామ నల్లరేగడి, మునేటి మీద కీసర, కంచికచర్ల. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. మా ఫొటోగ్రాఫరు వాటికేసి చూపించి, 'మన కారు పొగ ఇక్కడ వస్తోందన్నమాట' అన్నాడు. నిజమే. బొగ్గు కరెంటుతో నడిచే కారు పొగ లేనిదని చెప్పలేం. ఊరి మధ్యలో రావాల్సిన పొగ ఊరవతల వస్తోంది. యూనిట్ ఆదా చేస్తే ఆ గొట్టంలోంచి వచ్చేది కూడా అంతమేర తగ్గుతుంది.

గొల్లపూడి మీదుగా సత్యనారాయణపురం చేరేసరికి మొత్తం 263 కిలోమీటర్లు. అయిన కరెంటు 34 యూనిట్లు. బ్యాటరీలో ఇంకా 24 శాతం ఉంది. మధ్యలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టలేదు. అక్క ఏమీ అనలేదుగానీ అత్తయ్యగారికి మాత్రం 'కరెంటు కారులోనే వచ్చాం' అని రెండుసార్లు చెప్పింది.

అత్తయ్యగారి మీటరు

ఆ ఇంట్లో గీజరు కోసం పెట్టించిన పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఉంది. బావగారు ముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు సరిచేయించి పెట్టారు. సాయంత్రం ఏడింటికి పెడితే గంటకి మూడు యూనిట్ల చొప్పున పొద్దుటికి నిండుతుంది. అత్తయ్యగారు ఆ తీగనీ గోడ మీద మీటర్నీ మార్చిమార్చి చూశారు. 'బిల్లెంతవుతుంది నాయనా?' అని నన్నడిగారు. దాదాపు నలభై యూనిట్లన్నాను. 'మా ఫ్రిజ్జు నెలంతా తినేది ఇది ఒక్క రాత్రిలో తినేస్తుందా!' అని బుగ్గ మీద వేలేసుకున్నారు.

ఆవిడన్నదీ నిజమే. కానీ పెట్రోలుతో పోల్చి చూడండి. లీటరు 107 రూపాయలు, మైలేజీ 15 అనుకుంటే ఈ 263 కిలోమీటర్లకి 1,876 రూపాయలవుతుంది. ఇంటి కరెంటు యూనిట్ 9 రూపాయలనుకున్నా నలభై యూనిట్లకి 360. హైవే మీది ఛార్జర్ల దగ్గర యూనిట్ ధర ఇంటిదానికి రెట్టింపు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అందుకే ఇంట్లో నింపుకుని, దారిలో అవసరమైనంతే పెట్టుకోవడం తెలివి.

ఎదురుగాలి

ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు, దొండకాయ వేపుడుతో భోజనం చేసి తిరుగు ప్రయాణమయ్యాం. అదే కారు, అదే నలుగురం. ఆవకాయ జాడీ ఒకటి కలిసింది. మళ్లీ 100 శాతం. మళ్లీ 80 వేగం. ఈసారి మాత్రం మొదటి పది కిలోమీటర్లలోనే తెర మీద లెక్క తేడాగా కనిపించింది. యూనిట్‌కి అయిదున్నర కిలోమీటర్లు!

నిన్న వెనకనుంచి తోసిన గాలి ఇవాళ ఎదురొచ్చింది. కారు వేగం 80, ఎదురుగాలి గంటకి పది కిలోమీటర్లయితే కారుకి తగిలేది 90. నిన్న ఆ గాలి వెనక ఉంది కాబట్టి తగిలింది 70 మాత్రమే. వీటి వర్గాలు వేసి చూడండి. ఇవాళ గాలి అడ్డు నిన్నటికంటే అరవై అయిదు శాతం ఎక్కువ. మనిషికి ఆ గాలి హాయిగానే ఉంటుంది. చెట్ల ఆకులు కదులుతున్నాయే అనుకుంటాం. కారుకది గోడ.

సూర్యాపేట చేరేసరికి 141 కిలోమీటర్లకి 25 యూనిట్లు అయిపోయాయి. మిగిలింది 44 శాతం. అంటే 20 యూనిట్లు. ఇంటికి ఇంకా 122 కిలోమీటర్లు. అసలు ఎక్కుడంతా ముందే ఉంది. నిన్న ఇదే ముక్క 15 యూనిట్లతో అయిపోయిందికదా, వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. కారు తెర కూడా 'సరిపోతుంది' అన్నట్టే చూపించొచ్చు. చాలా కార్లలో ఆ అంకె వెనక మనం నడిపిన తీరుని బట్టి వేసే అంచనా. ముందున్న ఎత్తుని లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

సూర్యాపేటలోనే ఆగాం. ఛార్జరుకి రెండు గన్‌లున్నాయి. ఒకటి పనిచేయడం లేదు. రెండోదాని దగ్గర ఒకాయన ముందున్నాడు. ఆయన కారు తీసేదాకా పావుగంట. మాది పెట్టాక 18 యూనిట్లు నిండటానికి ముప్ఫై అయిదు నిమిషాలు. ఆ ఎదురుచూపులోనే కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొరుకుతూ బావగారు కాగితం మీద లెక్కలు వేశారు. అదే ఈ ప్రయాణంలో అసలు సంగతి.

ఇలాంటి గాలిలో విజయవాడ నుంచి ఎక్కడా ఆగకుండా ఇంటికి రావాలంటే వేగం 65కి దించాలి. అప్పుడు రోడ్డు మీదే నాలుగు గంటలు పైన పడుతుంది. చేరేసరికి బ్యాటరీ దాదాపు ఖాళీ. 80లో వచ్చి, ఛార్జరు ఖాళీగా ఉంటే అవసరమైనంత మేరకి ఇరవై నిమిషాలు ఆగినా మూడు ముప్పావుకి లోపే ఇంటికొస్తాం. అంటే భయంతో మెల్లగా నడపడం కన్నా ఒకసారి ఆగడమే త్వరగా చేరుస్తుంది! మరి వందలో వస్తే? రోడ్డు మీద నలభై నిమిషాలు కలిసొస్తాయి. కానీ అరవై యూనిట్లు కావాలి. ఛార్జరు దగ్గర ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ ఆగాలి. అక్కడ ముందు ఇంకో కారుంటే కలిసొచ్చిందంతా పోతుంది. 'అయితే ఈ కారు వేగం నా కాలి కింద లేదన్నమాట. ఛార్జరు దగ్గర క్యూలో ఉంది' అన్నారు బావగారు.

నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్... నిన్న దిగిన దారే ఇవాళ ఎక్కాం. నలుగురు మనుషులు, సామానుతో కలిపి 1.8 టన్నుల బరువుని అర కిలోమీటరు పైకి ఎత్తడానికి దాదాపు రెండున్నర యూనిట్లు కావాలి. ఇది మోటారు గొప్పతనంతో తగ్గే ఖర్చు కాదు. ఇంటికి చేరేసరికి లెక్క తేలింది. వెళ్లేటప్పుడు 34 యూనిట్లు. వచ్చేటప్పుడు 48. తేడా 14. నిన్న దిగుడులో మిగిలింది, ఇవాళ ఎక్కుడులో పోయింది కలిపితే అందులో ఆరు యూనిట్ల దాకా ఎత్తుది. మిగతాదంతా గాలిది. కారులో మార్పేమీ లేదు. నడిపిన మనిషీ ఆయనే.

పండగొస్తే?

ఇంకో ప్రశ్న మిగిలింది. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. ఆ రద్దీలో ఇరుక్కుంటే బ్యాటరీ అయిపోదా? అదే అక్క రెండో భయం. నిజానికి అక్కడ ఎలక్ట్రిక్ కారుకే సుఖం. ఆగి ఉన్న కారులో ఖర్చయ్యేది ఏసీకి మాత్రమే. గంటకి ఒక యూనిట్, మరీ ఎండగా ఉంటే కాస్త ఎక్కువ. రెండు గంటలు నిలబడినా పోయేది పదిహేను కిలోమీటర్ల దారి. అంగుళం అంగుళం కదిలేటప్పుడు గాలి అడ్డు ఉండదు కాబట్టి నడకకయ్యే ఖర్చు కూడా తక్కువే.

పండగనాటి కష్టం టోల్‌గేటు దగ్గర కాదు, ఛార్జరు దగ్గర. బంకులో పెట్రోలు కొట్టించడానికి ఐదు నిమిషాలు చాలు. ఇక్కడ ఒక్కో కారుకి అరగంట. ముందు నలుగురుంటే రెండు గంటలు. కాబట్టి పండగకి బయల్దేరేవాళ్లు ఆగాల్సిన అవసరం లేకుండా వెళ్లే వేగం చూసుకోవాలి. వెళ్లేటప్పుడు వాలు మనవైపే ఉంది. రావడం మాత్రం పండగ మర్నాడు కాకుండా ఒకరోజు అటో ఇటో పెట్టుకుంటే మంచిది.

హైవే ఎక్కేముందు...

* కంపెనీ చెప్పిన అంకెని పక్కన పెట్టండి. బ్యాటరీలో ఎన్ని యూనిట్లు పడతాయో చూడండి. మా బావగారి కారులాంటి ఎత్తుబండికి, ఏసీ వేసుకుని చదునైన రోడ్డు మీద 80లో వెళ్తే యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు, వందలో అయితే ఐదున్నర లోపు లెక్కేసుకోండి.

* వెళ్లే ఊరు ఎత్తులో ఉందో పల్లంలో ఉందో చూసుకోండి. పీఠభూమి నుంచి కోస్తాకి దిగే ప్రతి దారికీ, తిరిగొచ్చేటప్పుడు వేరే లెక్క ఉంటుంది.

* జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటికి వెళ్లేవాళ్లకి ఎదురుగాలి తగులుతుంది. ఓ పదిహేను శాతం తగ్గించుకోండి.

* టైర్లలో గాలి తగ్గితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. కారు మీద సామాను కడితే గాలి అడ్డు పెరుగుతుంది. అది డిక్కీలో పెట్టుకోవడమే మేలు.

* ఛార్జరు దగ్గరికి 10 శాతంతో వెళ్లకండి. అది పనిచేయకపోతే తర్వాతిదాని దాకా వెళ్లగలిగేలా 20, 25 శాతం ఉండగానే ఆగండి. 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. అక్కణ్నుంచి ఎదురుచూడటం దండగ.

అక్క ప్రశ్నకి జవాబు

గాలి కలిసిరాని రోజున కూడా లెక్క వేశాం. వెనకనుంచి తోసే గాలి లేకపోయినా, 80లో వెళ్తే విజయవాడకి 37 యూనిట్లు చాలు. ఎనిమిది మిగులుతాయి. అదే వందలో వెళ్తే 46 కావాలి. బ్యాటరీలో ఉన్నవి 45. అంటే తొందరపడితే దారిలో ఆగాలి. నిదానిస్తే ఆగకుండా వెళ్లిపోవచ్చు. అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు కాలు ఎక్కువ నొక్కాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే నొక్కకూడదు.

బావగారి కారులోది ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ. నిండా ఛార్జి పెట్టినా పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆయన రోజూ రాత్రి పడుకునేముందు ప్లగ్గు పెడుతున్నారు. డ్యాష్‌బోర్డు అరలో చిన్న కాగితం మీద మూడు అంకెలు రాసి పెట్టుకున్నారు. 'ఇంట్లో 100. రోడ్డు మీద 80. చేరేసరికి 10.' కింద అక్క తన చేతిరాతతో ఇంకో మాట చేర్చింది.

'వెళ్లేటప్పుడు ఆగనవసరం లేదు. వచ్చేటప్పుడు సూర్యాపేటలో టీ.'